గోడకు నోరు లేని గది

ఆవిరి ఇంజను బొమ్మలో ఒక్క ముక్కనైనా మా గోడ నన్ను సొంతంగా బిగించనివ్వలేదు. ముక్క చేతిలోకి తీసుకోగానే, "అది ఎడమ చక్రానిదమ్మా," అనేది.

మా ఆయన కొని, మూత తీయకుండానే పోయిన పెట్టె అది. అందులోని కాగితం చదవడానికే అరవై ఏళ్లు దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. తీరా నేర్చుకునేసరికి ఊళ్లో ప్రతి గోడకూ మాటలొచ్చాయి.

"గోడ చెప్తాంది గదా అత్తమ్మా, నీకెందుకు తిప్పలు?" అంది కోడలు స్వరూప.

"అన్నీ గోడే చెప్తే నేనెందుకు చదువు నేర్చుకున్న బిడ్డా?"

స్నానాల గదిలో మాత్రం గోడకు కళ్లూ నోరూ పెట్టరు. అక్కడే పీట వేసుకొని, గడియ పెట్టి, కాగితం చదువుకుంటూ అన్నీ బిగించాను. నీళ్లు పోసి వత్తి వెలిగించాను. ఇంజను కూసింది. కదిలింది. వెనక్కి కదిలి బకెట్‌ను గుద్దుకుంది.

"అత్తమ్మా, నేను తానం చెయ్యద్దా?"

ఆ వెనకే వసారా గోడ అందుకుంది. "తప్పెక్కడో చెప్పనా అమ్మా?"

"చెప్పినవంటే నోట్లె సున్నం కొట్టిస్త!"

కాగితం మళ్లీ విప్పాను. నేను 'వ' అనుకున్న అక్షరానికి తలకట్టు విడిగా ఉంది. అది 'ప'. పంపు గొట్టం ఉండాల్సిన చోట వంపు గొట్టం బిగించాను.

మొత్తం విప్పాలి. స్వరూప తలుపు బాదుతూనే ఉంది.