పడే వంతు

"ఇక నేను పరిగెత్తను. మీకో దండం, మీ ఆటకో దండం," అంటూ టీమ్ డాక్టరు మందుల సంచీని కోచ్ కాళ్ల దగ్గర పడేశాడు.

సగం ఆట అయింది. డ్రెస్సింగ్ రూమ్‌లో ఫుట్‌బాల్ ఆటగాళ్లంతా తలలు వంచుకుని బూట్ల లేసులు చూసుకుంటున్నారు. స్కోరు ఒకటి, సున్నా. ఒక్క గోలు కొట్టడం, ఆ తర్వాత మిగిలిన ఆటంతా దెబ్బ తగిలినట్టు నేలమీద దొర్లడం. ఈ కోచ్ సిద్ధాంతమంతా ఇంతే. పేపర్లవాళ్లు దీనికి 'వ్యూహం' అని పేరు పెట్టారు. రోత అని రాయడానికి మర్యాద అడ్డొచ్చి ఉంటుంది.

"ఇందాక మీ లెఫ్ట్ బ్యాక్ కుడి మోకాలు పట్టుకుని పడ్డాడు. నేను వెళ్లేసరికి ఎడమ మోకాలు పట్టుకుని ఏడుస్తున్నాడు. ఏ కాలురా అంటే, 'కోచ్ గారు ఏది చెప్పారండీ?' అని నన్నే అడిగాడు!"

ఎవరో కిసుక్కున నవ్వారు. కోచ్ నవ్వలేదు.

"డాక్టరు గారూ, మీరు సంచీ పట్టుకుని రావడానికి నలభై సెకన్లు. స్ప్రే కొట్టడానికి ఇంకో నలభై. ఆలోగా అవతలివాళ్ల ఊపు చచ్చిపోతుంది. పోయిన టైమంటే రిఫరీ చివర్లో కలుపుతాడు. పోయిన ఊపు ఎవడు కలుపుతాడండీ?"

"ఆరోగ్యంగా ఉన్న కాళ్లకి స్ప్రే కొట్టడానికా నేను చదువుకుంది?"

"జీతం తీసుకునేది అందుకే. పరిగెత్తకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

కోచ్ గోడకున్న తెల్లబోర్డు మీద గబగబా రాసేశాడు. అరవై రెండో నిమిషం, లెఫ్ట్ బ్యాక్, పిక్క. డెబ్బయ్యో నిమిషం, గోల్ కీపర్, నడుము. ఎనభై ఒకటో నిమిషం, ఎనిమిదో నంబరు, తొడ. పెళ్లివారింట్లో వడ్డనకు వంతులు వేసినట్టు ఎవరు ఎప్పుడు పడాలో వేసిపెట్టాడు.

ఎనిమిదో నంబరు డాక్టరుకు స్వయానా మేనల్లుడు. వాడు లేచి వచ్చి, తన నంబరున్న వరుసను చొక్కా చేత్తో తుడిచేశాడు.

"నేను పడను సార్."

"వచ్చే ఏడాది టీములో ఉండాలని లేదా?"

"లేకపోతే వీధిలో ఆడుకుంటా. పడను మాత్రం పడను."

"మా అక్క పెంపకం అదీ!" అన్నాడు డాక్టరు, అందరికీ వినిపించేలా. ఆ గదిలో వెన్నెముక ఉన్నవాడు ఒక్కడైనా ఉన్నందుకు, వాడు తనవాడైనందుకు ఆయనకు ప్రాణం లేచొచ్చింది. సంచీ మళ్లీ తీసుకున్నాడు కానీ, రెండో సగానికి మైదానం దగ్గరకు వెళ్లాక దాన్ని బెంచీ కిందకు తన్ని కూర్చున్నాడు.

అరవై రెండో నిమిషంలో లెఫ్ట్ బ్యాక్ పిక్క పట్టుకుని పొర్లాడు. డాక్టరు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పొర్లిపొర్లి విసుగొచ్చి, పాపం, వాడే లేచి గడ్డి దులుపుకున్నాడు. జనం ఈలలు వేశారు. డెబ్బయ్యో నిమిషంలో గోల్ కీపర్ నడుము పట్టుకుని కూలబడ్డాడు. డాక్టరు సీసా మూత తీసి తాపీగా మంచినీళ్లు తాగాడు.

"నా కొంప ముంచుతున్నారు మీరు," అన్నాడు కోచ్ పళ్లు కొరుకుతూ.

"సంతోషం."

అవతలి జట్టు మీద మీద పడుతోంది. బంతి గీత దాటి బెంచీ దగ్గరకు వచ్చింది. దాన్ని విసరడానికి వచ్చిన మేనల్లుడి మెడ చుట్టూ చెయ్యి వేసి, కోచ్ వాడి చెవిలో ఏదో ఊదాడు. వాడు ఒక్క క్షణం కోచ్ మొహంలోకి చూశాడు. ఆ తర్వాత నవ్వి, తల ఊపి వెళ్లిపోయాడు.

తల ఊపాడు! డాక్టరుకు నోరంతా చేదైపోయింది.

రెండు నిమిషాలు గడిచాయి. మేనల్లుడు పడ్డాడు. పది అడుగుల దూరంలో ఒక్క మనిషి లేడు. ఎవరూ తగల్లేదు, ఎవరూ తోయలేదు. పరిగెత్తుతున్నవాడు పరిగెత్తుతున్నట్టే బోర్లా పడ్డాడు.

"ఛీ! అమ్ముడుపోయావురా," అన్నాడు డాక్టరు. మిగిలినవాళ్లు నయం, దొర్లడమైనా నేర్చుకున్నారు. వీడికి అదీ చేతకాలేదు, తొడ కూడా పట్టుకోలేదు. సిగ్గులేని వెధవ. సాయంత్రం తను అక్క మొహం ఎలా చూడాలి?

రిఫరీ లేవమని చేత్తో సైగ చేసి, ఆట సాగనిచ్చాడు. అవతలివాళ్లు వాణ్ణి చూసి చప్పట్లు కొట్టి వెక్కిరించారు. సొంత జట్టువాడే ఒకడు వాడి పక్కనుంచి బంతి వెంట పరిగెత్తుకుంటూ పోయాడు. జనం గోల పెట్టారు. నిమిషం దాటింది.

"డాక్టరు గారూ, వెళ్లండి," అన్నాడు కోచ్.

"మీరే వెళ్లండి. మీరు కట్టిన వేషమేగా."

"అయ్యా, వెళ్లండి!"

"నా ఒంట్లో ప్రాణముండగా ఈ బెంచీ మీంచి లేవను. మనిషన్న ఒక్కణ్ణి కూడా పాడుచేశారు కదయ్యా!" డాక్టరు మొహం పక్కకు తిప్పుకుని ఉమ్మేశాడు.

కోచ్ ఆయన భుజాలు రెండూ పట్టుకుని కుదిపేశాడు.

"వాడి చెవిలో నేను చెప్పింది పడమని కాదండీ బాబూ... 'నీదే రైటురా, పడకు, నీ ఆట నువ్వాడు' అని!"