కొచ్చిన్ బాణీ

శుక్రవారం సాయంత్రం, మా యూదుల విశ్రాంతి దినం సబ్బాతును ఆహ్వానించే పాటను కొత్త గాయకుడు వేరే బాణీలో ఎత్తుకున్నాడు. మా బాణీ పోయినట్టేననుకున్నాను.

మందిరం పెద్ద మొర్దెకై బల్ల చరిచాడు. "ఆగు నాయనా! మా తాతలు కొచ్చిన్ నుంచి ఇజ్రాయెల్‌కి మోసుకొచ్చిన బాణీ ఉంది. ఇక్కడ అదే పాడాలి."

"నాకది రాదు మామా."

"రాకపోతే నోరు మూసుకుని నేర్చుకో!"

అందరూ నవ్వి, పాట అందుకున్నారు.

నాలుగేళ్ల కిందట, నా భార్య సిప్పోరా పోయాక మొదటిసారి ప్రార్థన నడిపించిన రోజు, నాకు తాతల బాణీ గుర్తు రాలేదు. ఆమె రొట్టెల పిండి పిసుకుతూ తోచినట్టు పాడుకునే బాణీ నోటికొచ్చింది. నన్ను ఆపడానికి ఎవరికీ మనసొప్పలేదు. మరుసటి వారం వాళ్లే దాన్ని ఎత్తుకున్నారు. ఇప్పుడు మొర్దెకై తాతలదన్నదీ, అందరూ పాడుతున్నదీ అదే.

చివరి చరణానికి, సబ్బాతును పెళ్లికూతురిలా లోపలికి పిలవడానికి అందరం గుమ్మం వైపు తిరిగాం. అందరికంటే ముందు నేనే తిరిగాను.