ఉప్పు చూసేవాళ్లు

"సైకిలు ఆపు బావా, వాసన ఈడే," అన్నాడు వెనక కూచున్న నరసన్న.

మగ్గాలకు సెలవిచ్చే అమావాస్య నాడు, దస్తగిరి సాయబు ఇనుప చువ్వకు గుచ్చి నిప్పుల మీద కాల్చే సీకు కబాబు కోసం బావాబామ్మర్దులు ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పద్దెనిమిది మైళ్లు తొక్కుకొచ్చారు.

"అమ్మకం పొద్దు గుంకినాకనే," అన్నాడు సాయబు బొగ్గులు విసురుతూ. "రంజాను ఒక్కపొద్దులో ఉండా, రుచి సూడగూడదు. నిన్న ఉప్పెక్కువై పరువు పోయింది. మీరు సూసి సెప్పండప్పా."

సైకిలు తొక్కుకొచ్చిన బావ మహానంది ఒక సీకు కబాబు నమిలాడు. ఉప్పూ కారమూ అద్భుతంగా కుదిరాయి.

"సరిగ్గా తెలీలేదు సాబూ," అన్నాడు.

సాయబు రెండోది నరసన్నకిచ్చాడు.

"నాకూ అనుమానమే. ఇంగొకటి సూస్తే తేలుతాది," అన్నాడు నరసన్న. నవ్వు ఆపుకోలేక ఇద్దరూ సైకిలు చాటుకు పోయారు.

మూడోది మహానందికి అందిస్తూ సాయబు ఎండిన పెదవులు తుడుచుకున్నాడు. "తెల్లారుజాము నుంచి సుక్క నీళ్లు తాగలేదప్పా. ఈ పొద్దు మీ నాలికే నా నాలిక."

మహానంది ఆ సీకును తిరిగి నిప్పుల మీద పెట్టేశాడు.

"ఉప్పు మొదుటి దాంట్లోనే సరిపోయింది సాబూ. ఇది నువ్వు ఒక్కపొద్దు ఇడిసినాక, నీతో కూసొని తింటాం."

సాయబు సీకు తిప్పుతూ నవ్వాడు.

"తెలుసులేప్పా. ఉప్పు కుదరకుంటే ఇంగొకటి ఎవురడుగుతారు?"