ఏటిగడ్డ ఆగయ్య

ముసలాయన వచ్చేసరికి సంపత్ బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తున్నాడు.

నైట్ షిఫ్టు దిగి నేరుగా కమ్యూనిటీ హాలుకు వచ్చాడు. సకల జనుల సమ్మె ముగిసిన మరుసటి ఎండాకాలం అది. గనుల్లో పని కోసం చెన్నూరు వైపు ఊళ్ళు విడిచి గోదావరిఖని చేరిన వాళ్ళ పిల్లలంతా ఒక సంఘం పెట్టుకున్నారు. తాతముత్తాతల పేర్లు పోగుచేసి పుస్తకం వేయాలని వాళ్ళ ఆశ.

అందరి తాతల పేర్లూ రాసే సంపత్‌కు తన తాత పేరే తెలియదు.

తండ్రి పోశం గనిలో పనిచేస్తూనే పోయాడు. ఆ ఉద్యోగమే సంపత్‌కు వచ్చింది. తల్లి ఐలవ్వను ఎప్పుడు అడిగినా యాదికి లేదనే అంటుంది. మామ పేరు మరిచిపోయే కోడలుంటుందా అని విసుక్కుని, చివరికి అడగడమే మానేశాడు.

"బిడ్డా, ఏటిగడ్డోళ్ళయి గూడ రాస్తున్నరా?"

సంపత్ కళ్ళు తెరిచాడు. ఎదురుగా మాసిన ధోవతి, మోకాళ్ళ దాకా దుమ్ము.

ఏటిగడ్డ అంటే తమ ఊరే. నిద్రమత్తు కాస్త దిగింది. కుర్చీ చూపించి పేరు అడిగాడు.

"ఆగయ్య అంటరు. గోదారి అవుతల సిరొంచల ఉంటున్న."

"మా నాయినది గూడ ఏటిగడ్డనే. పోశం. ఎరికేనా నీకు?"

ముసలాయన సంపత్ ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"పోశమా... యాదికి లేదు బిడ్డా."

ఉన్న కాస్త ఆశా చల్లారింది. సంపత్ మళ్ళీ కుర్చీలో వెనక్కి వాలాడు.

ముసలాయన మాత్రం తన వాళ్ళ పేర్లు చెప్పుకుపోయాడు. తాత గట్టయ్య. తండ్రి ఓదెలు. ఓదెలు వరద గోదావరిని కూడా ఈది దాటేవాడట. ఊళ్ళో ఎవరికో పురుడు కష్టమైతే, అవతలి ఒడ్డు నుంచి మంత్రసానిని సొరకాయ బుర్రల తెప్ప మీద ఎక్కించి, తెప్పను తోసుకుంటూ ఈదుకొచ్చాడట.

సంఘంలో భోజనాలు చూసే నర్సింగం సంపత్‌ను పక్కకు పిలిచాడు. అన్నం పెడుతున్నారని తెలిసి ఇలాంటి వాళ్ళు వస్తూనే ఉంటారన్నాడు. ఒకే ఊరివాడై పోశం తెలియదంటే ఎట్లా నమ్ముతావన్నాడు.

సంపత్‌కూ అదే నిజమనిపించింది.

పిల్లలెందరని ముసలాయనను అడిగాడు. లేరట. పెళ్ళే చేసుకోలేదట.

"మరి ఎవలి కోసం రాయాలె కాకా? చదివేటోళ్ళు ఉండాలె గద."

"రాసి పెట్టు బిడ్డా. ఓదెలు పేరు పోవద్దు. గంతే."

పుస్తకం ప్రెస్సుకు పోయిందని, ఇక జాగా లేదని సంపత్ అబద్ధమాడాడు. కళ్ళు మండుతున్నాయి. ఇంటికి పోయి పడుకుంటే చాలనిపిస్తోంది. వచ్చినందుకు అన్నం తిని పొమ్మన్నాడు.

ముసలాయన తినలేదు. లేచి, సంపత్ తల మీద చెయ్యి పెట్టబోయి ఎందుకో వెనక్కి తీసుకున్నాడు. మెల్లగా మెట్లు దిగి ఎండలోకి వెళ్ళిపోయాడు.

ఆ సంగతి ఇంట్లో చెప్పాలని కూడా సంపత్‌కు తోచలేదు. వానలు పడ్డాక, ఒకనాడు అన్నం తింటూ మాటల్లో అన్నాడు. సిరొంచ నుంచి ఆగయ్య అనే ముసలాయన వచ్చాడని, ఏటిగడ్డ వాడినంటూనే పోశం తెలియదన్నాడని.

కూర వడ్డిస్తున్న ఐలవ్వ చెయ్యి ఆగిపోయింది.

"అన్నం తిన్నడా?"

లేదన్నాడు.

తెల్లవారి ఐలవ్వ చేతిసంచి పట్టుకుని గడపలో కూర్చుంది. సిరొంచ తీసుకుపొమ్మంది. డ్యూటీ ఉందంటే వినలేదు.

కాళేశ్వరం దాకా బస్సులో, అక్కడి నుంచి పడవలో పోయారు. పడవ దిగిన చోట ఉన్న కట్టెల డిపో దగ్గర ఆగయ్య అని అడిగితే ఒకామె బయటికొచ్చింది. జ్వరమొచ్చి మొదటి వానలకే పోయాడని, నా అనేవాళ్ళు లేకపోతే తామే మట్టి చేశామని చెప్పింది. ఒడ్డున మట్టికుప్ప చూపించి వెళ్ళింది.

ఐలవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తండ్రి పోయినప్పుడు కూడా ఆమె అంతగా ఏడవడం సంపత్ చూడలేదు.

"ఎవలే అవ్వా ఈయన?"

ఆమె చుట్టూ చూసుకుంది. ఎవరూ లేరు. ఇన్నేండ్లూ నీ ఉద్యోగం పోతుందని భయపడి నోరు మూసుకున్నానంది.

"బొగ్గు బాయిల నౌకరి మీ నాయినకు రాలేదు కొడుకా. ఆయన దోస్తుకు వచ్చింది. అప్పుడు నువ్వు కడుపుల ఉన్నవ్. ఇంట్ల గింజ లేదు. 'నాకు పెండ్లామా పిల్లలా, నా పేరు మీద నువ్వు పో' అని మీ నాయినను తోలిండు. ఎవలన్న ఎంక్వైరీకి వస్తరేమోనని తను ఊరిడిచి పోయిండు. పోయినకాడ మీ నాయిన పేరే చెప్పుకొని బతికిండు."

"మరి మా నాయిన అసలు పేరు?"

"ఆగయ్య. ఓదెలు మీ తాత."

సంపత్ వంగి ఆ తడి మట్టి మీద చెయ్యి పెట్టాడు.

ఆగయ్య అనుకుని సిరొంచ వాళ్ళు మన్ను కప్పిన ఆ మనిషే, పోశం.