వంటావార్పుకు బానెట్

"గా మూత జర ఇయ్యి. అన్నం కుప్ప పొయ్యాలె," అంది మణెమ్మ.

"మూత కాదే, కారు బానెట్. ఇయ్య," అన్నాడు భర్త పోశాలు, సుత్తి దించకుండానే.

ఇంట్లోనే కారు తయారు చేసుకుంటున్న పోశాలు, మూడు నెలలుగా ఇసుక సంచిపై రేకు పరిచి ఆ బానెట్‌ను సాగగొడుతున్నాడు. అద్దంలా నునుపు తేలిందని జనగామ అంతా చాటుకున్నాడు. తెలంగాణ రాష్ట్రం కోసం ఆ రోజు హైదరాబాద్ రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు నిరసన. ఊరందరి అన్నం పట్టే పాత్ర ఎక్కడా దొరకలేదు.

"రోడ్డెక్కాలెననే గద చేసినవ్. ఇయ్యాల ఎక్కుతది."

నలుగురు ఆడవాళ్లు బానెట్‌ను ఎత్తుకుపోయారు. రేకు ఎక్కడ సొట్టపోతుందోనని పోశాలు వెంట నడిచాడు. దాన్ని రోడ్డు మీద వెల్లకిలా పెట్టి, గంజి ఇంకా పూర్తిగా వారని అన్నం అందులో కుమ్మరించారు.

అందరూ తిని లేచాక పోశాలు బానెట్ మీదికి వంగాడు. అరచేతితో ఎంత తడిమినా తనకు దొరకని గుంతలన్నింటిలోనూ గంజి తెల్లగా నిలిచి ఉంది.

మణెమ్మ నీళ్ల బిందె ఎత్తింది.

"ఆగు, కడగకు. సుద్దముక్కతోని గుర్తులు పెట్టుకోనియ్యి."

"అద్దం లెక్కున్నదంటివి?"

ఆ మాట విననట్టే పోశాలు, గిన్నెలు సర్దుతున్నవాళ్ల వైపు తిరిగాడు.

"రేపు గూడ ఈడనే వండుతరా అక్కా?"