ఆరో పేరు

“మూడే చాలంటారేంటి మాస్టారూ? ఎదురింటి డాక్టరమ్మ కొడుకు నాలుగు తీసుకున్నాడు. మా పిల్లకేం తక్కువ?”

లాండ్రీ ఆవిడ గొంతు వరండాలోకి వినిపించేంతగా లేచింది. పక్క కుర్చీలో కూతురు తల వంచుకుని గోరు కొరుక్కుంటోంది. బల్ల మీద దరఖాస్తు ఉంది. బడిలో చివరి రెండేళ్ళకీ మూడు సబ్జెక్టులు తప్పనిసరి, నాలుగోది ఇష్టమైతేనే. లెక్కలు, ఫిజిక్సు, బయాలజీ కూతురు ఎంచుకున్నవి. వాటి కింద భూగోళం తల్లి రాయించింది.

ఆ వారం పిల్లలకి సలహా చెప్పే వంతు ఈ మాస్టారిదట. ఆయన జవాబు చెప్పకుండా లేచి వెళ్ళి, బయట పిల్లలకి వినపడకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చారు. జుట్టు నెరిసింది. చొక్కా శుభ్రంగానే ఉంది గానీ కుడిచేతి అంచున నీలం సుద్ద అంటుకుని ఉంది. రోజంతా పదిమంది బట్టలూ ఉతికే ఆవిడ కన్ను ముందు అక్కడికే పోయింది. ఇంట్లో చూసి చెప్పేవాళ్ళు లేరు కాబోలు అనుకుంది.

“తక్కువని కాదమ్మా. ఏం చదవాలనుకుంటోంది?”

“పశువుల డాక్టరు,” అంది తల్లి.

“అమ్మాయిని అడిగాను.”

“పశువుల డాక్టరే సార్,” అంది కూతురు నవ్వాపుకుంటూ.

“దానికి ఈ మూడే చూస్తారు. నాలుగోది లెక్కలోకి రాదు.”

“ఒకటి తేడా కొట్టినా ఇంకోటి ఆదుకుంటుంది కదండీ! నా చిన్నప్పుడు ఏం చదువుతావే అని అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. దీనికైనా అన్నీ ఉండాలని నా ఆశ. పైగా బయట గుమాస్తా చెప్పాడు. భూగోళానికి ఆరుగురు ఉండాలట, ఐదుగురే వచ్చారట, ఇవాళ్టితో గడువట. ఆరో పేరు పడకపోతే ఆ క్లాసే ఎత్తేస్తారట. మా పిల్ల చేరితే మీ బడికీ మేలేగా?”

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “బడి మేలు కోసం పిల్లని చేర్చకూడదమ్మా.”

“భూగోళం ఎవరు చెబుతారు సార్?” అని అడిగింది కూతురు. ఆ బడికి కొత్త తను.

“ఒక పెద్దాయన. కొండ ఎక్కితే దిగడు. నది మొదలుపెడితే సముద్రం దాకా ఆగడు. గంట కొట్టినా వినిపించుకోడు.”

కూతురు ఫక్కున నవ్వింది. “బాగా చెబుతారా మరి?”

“ఫర్వాలేదు.”

సాటి మాస్టారి గురించి ఓ మంచిమాట చెప్పడానికి నోరు రాలేదు చూడు, అనుకుంది తల్లి. ఆవిడకి ఒళ్ళు మండింది.

“నాకు తెలుసు లెండి. పిల్లలు తగ్గితే మీ అందరికీ దిద్దే పేపర్లు తగ్గుతాయి. అంతేగా?”

“అమ్మా!” కూతురు తల్లి చెయ్యి గిల్లింది.

మాస్టారికి కోపం రాలేదు. “అదీ నిజమేనమ్మా. పని బాగా తగ్గుతుంది,” అన్నారు నవ్వుతూ. తర్వాత కూతురి వైపు తిరిగారు. “రాత్రి ఎన్నింటికి పడుకుంటావు తల్లీ?”

“పదింటికల్లా లైటు తీసేస్తుంది,” అని తల్లే చెప్పింది.

కూతురు దరఖాస్తు అంచు మడతపెట్టింది. “నువ్వు నిద్రపోయాక మళ్ళీ లేస్తానమ్మా. వంటింట్లో కూర్చుని చదువుతాను.”

“ఎందుకే?”

“అవ్వక. ఇప్పుడున్నవే అవ్వట్లేదు. మొన్న లెక్కల్లో మార్కులు తగ్గాయని కొట్టినంత పని చేశావు, గుర్తుందా? రాక కాదమ్మా. పేపరు మీదే నిద్రపోయాను. నువ్వేమో తెల్లారకముందే లేచి ఇస్త్రీపెట్టె పట్టుకుంటావు. నా వల్ల కావట్లేదని నీకెలా చెప్పను?”

తల్లి కూతురి మొహంలోకి చూసింది. ముక్కూమొహం తెలియనివాళ్ళ చొక్కాల మీద మరకలు ఇట్టే పట్టేసే మనిషి, సొంత కూతురి కళ్ళ కింద నలుపు ఇన్నాళ్ళూ చూడలేదు.

మాస్టారు కలం తీసి కూతురి ముందుకి జరిపారు. “నాకు తోచింది చెప్పాను. ఇక మీ ఇష్టం.”

కూతురు తల్లి వైపు చూసింది.

“కొట్టెయ్యవే,” అంది తల్లి.

ఒక్క గీతతో నాలుగో సబ్జెక్టు పోయింది. మాస్టారు ఆ గీతనే ఓ క్షణం చూసి, కింద సంతకం పెట్టారు. “ఇవాళ్టి నుంచి హాయిగా నిద్రపో,” అన్నారు.

గేటు దాటాక కూతురు తల్లి భుజం మీద తల ఆనించి నడిచింది. అలా నడిచి ఎన్నేళ్ళయిందో. తల్లి అడుగు నెమ్మదించింది. చినుకులు మొదలయ్యాక గానీ గొడుగు మరిచిపోయిన సంగతి గుర్తు రాలేదు.

“నువ్విక్కడే ఉండు, నే తెస్తా,” అని తల్లి వెనక్కి పరుగెత్తింది.

సలహాల గదిలో ఎవరూ లేరు. గొడుగు కుర్చీకే వేలాడుతోంది. బయట గుమాస్తా నోటీసు బోర్డుకి కాగితం గుచ్చుతున్నాడు.

“ఆరో పేరు రాలేదా బాబూ?”

“లేదమ్మా, మీరే ఆఖరు. భూగోళం ఎత్తేశారు. పాపం, ఆ మాస్టారి ఉద్యోగం కూడా పోయినట్టే. అదుగో, ఆ చివరి గదిలో సర్దుకుంటున్నారు.”

తల్లి గొడుగు చంకన పెట్టుకుంది. పేరైనా తెలియని ఆ పెద్దాయనకి ఓ మంచిమాట చెప్పి పోదామని వరండా చివరిదాకా నడిచింది. తలుపు తెరిచే ఉంది.

లోపల, ఇందాకటి సలహా మాస్టారు బోర్డు మీది నీలి సముద్రాన్ని తుడిచేస్తున్నారు.