మొదటి వంతు

కొత్త కుర్రాళ్లను ముందుగా ఏ జట్టు ఎంచుకోవాలో తేల్చే లాటరీ ఇంకాసేపట్లో టీవీలో వస్తుంది. ఈ ఏడాది బాస్కెట్‌బాల్‌లో మా జట్టంత ఘోరంగా ఓడినవాళ్లు లేరు. అందుకే మా ఆశంతా ఇవాళ్టి మీదే.

"ఆ పొడుగు చేతుల అలబామా అబ్బాయినే తీసుకోవాలి నాన్నా," అంది మార్లీ. దానికి ఎనిమిదేళ్లు.

"వాడు బంతిని బుట్టలో వెయ్యలేడు, గోడకేసి కొడతాడు. కెంటకీ వాడే నయం. అయినా మనకున్నది నూటికి పద్నాలుగు ఛాన్సులే."

"అందరికంటే ఎక్కువ ఓడాం కదా?"

"ఓడాం కాబట్టే ఆ పద్నాలుగైనా. తక్కువ ఓడితే అవీ ఉండవు."

అప్పుడు గుర్తొచ్చింది, మధ్యాహ్నం వాళ్ల టీచర్ ఫోన్ చేసిన సంగతి.

"స్పెల్లింగ్ పోటీలో తెలిసిన మాటే తప్పు చెప్పావట. పరుగు పందెంలో గీత ముందే ఆగిపోయావట. కావాలని ఓడుతున్నావేంటే?"

అవునన్నట్టు తలూపింది. "నలభై ఒక్కసారి ఓడాను. సరిపోతాయా నాన్నా?"

"దేనికి?"

"మొదట ఎంచుకోడానికి. నేను అమ్మని ఎంచుకుంటా."

వాళ్లమ్మను ఫిబ్రవరిలో మట్టిలో పెట్టి వచ్చాం.

టీవీలో మా జట్టు పేరు చదివారు. మాకు ఐదో వంతు వచ్చింది. ఇక మా వంతు వచ్చేసరికి అలబామా వాడూ మిగలడు, కెంటకీ వాడూ మిగలడు.

నా మొహం చూసి మార్లీ దగ్గరికి జరిగింది. నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"ఏడవకు నాన్నా. వచ్చే ఏడాది ఇంకా ఎక్కువ ఓడదాం."